పేరు రాయని తీగలు

లోకంలో తెలివైనవాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టమంటే ప్రభాకరరావు బొటనవేలు మడిచి అక్కడే ఆగిపోయేవాడు. ఆ బొటనవేలు తనే. నరసరావుపేట చుట్టుపక్కల నలభై ఆఫీసులకి ఇంటర్నెట్ తీగలు లాగడం, రౌటర్లు బిగించడం, చెడిపోతే బాగుచేయడం అతని పని. పని వచ్చు, కాదనడానికి లేదు. కాకపోతే తనకొచ్చిన పని ఎదుటివాడికి రాకపోతే వాడు మనిషే కాదనుకునే రకం.

ఆ నలభై ఆఫీసుల్లోనూ అతను బాగా ఈసడించుకునేది బ్రహ్మయ్య గారిని. బ్రహ్మయ్య ఒకప్పుడు ఎరువుల కొట్టు నడిపి, ఆ కొట్టు ఎత్తేసి అదే మేడలో రక్తపరీక్షల ల్యాబ్ పెట్టాడు. యూరియా అమ్మిన చేత్తో థైరాయిడ్ అమ్ముతున్నాడని మనవాడు పదిమందిలో నవ్వేవాడు.

ఈ వేసవిలో బ్రహ్మయ్య ల్యాబ్‌కి మూడు సర్వర్లు కొన్నాడు. ఒకటి రిపోర్టులది, ఒకటి బిల్లులది, మూడోది కెమెరాలది. ఒకదాన్ని ఎవడైనా పగలగొట్టి లోపలికొచ్చినా మిగతా రెండింటి జోలికి పోలేకుండా మూడింటినీ విడివిడిగా ఉంచాలి. అందుకని ప్రభాకరరావే చెప్పి బయటి లోకానికి కనబడే అడ్రసులు ఒక కట్ట కొనిపించాడు. కట్టకి ఎనిమిది.

"ఎనిమిది కొన్నాం, ఐదే వాడతావంటున్నావు. మిగతా మూడూ ఏమైనయ్యయ్యా?" అని అడిగాడు బ్రహ్మయ్య.

"మొదటిది వీధి పేరులాంటిది, దాంట్లో ఎవరూ కాపురం ఉండరు. చివరిది దండోరాకి, అందరికీ ఒకేసారి కబురేయడానికి. ఇంకోటి ఇంటర్నెట్ కంపెనీవాళ్ల గుమ్మానిది. ఇక మనకి మిగిలేవి ఐదు."

"అంటే వీధి పేరు కూడా నేనే కొనుక్కోవాలా? ఇదేం లోకమయ్యా!"

నిజానికి అది అడగదగ్గ ప్రశ్నే. ఆ పద్ధతి పెట్టినవాళ్లే దానికి సిగ్గుపడాలి. కానీ మనవాడు ఆ ముక్కని చిలకలూరిపేట దాకా మోసుకెళ్లి, బ్రహ్మయ్య గొంతు అనుకరిస్తూ చెప్పి నవ్వించాడు. నవ్వినవాళ్లలో చాలామందికి వీధి పేరు గొడవ తెలియదు, ఎరువుల కొట్టు మాత్రం తెలుసు.

పని మాత్రం మనసుపెట్టి చేశాడు. గోడకి బిగించిన పెట్టెలో రౌటర్ పెట్టి, ఒక్కో సర్వరుకి తీగ గుచ్చే రంధ్రం ఒక్కోటి, ఒక్కో రంధ్రానికి ఒక్కో అడ్రసు ఇచ్చాడు. ఒక రంధ్రంలోంచి ఇంకో రంధ్రంలోకి దారి లేదు. రిపోర్టుల రంధ్రానికి బయటినుంచి ఒకే ఒక్క చిన్న తలుపు పెట్టాడు. రోగి ఫోన్‌కొచ్చిన అంకెలు కొడితే ఆ రోగి కాగితం ఒక్కటే కనబడుతుంది. కెమెరాల రంధ్రం మాత్రం బార్లా తెరిచిపెట్టాడు. ఎందుకంటే బ్రహ్మయ్యకి నకరికల్లు పక్క మిరప చేలో నిలబడి, ల్యాబ్‌లో ఎవరు కునుకు తీస్తున్నారో ఫోన్‌లో చూసుకోవాలని సరదా.

అంత మనసు పెట్టడానికి వృత్తిధర్మం ఒక్కటే కారణం కాదు. ఆ రిపోర్టుల గుట్టలో ప్రభాకరరావు రిపోర్టు కూడా ఉంది.

పెళ్లయి పదకొండేళ్లయినా అతనికి పిల్లల్లేరు. భార్య రాహేలు ఇంటికి దగ్గర్లోని బడిలో టీచరు. లోపం కోడలిదేనని తల్లి మొదటి ఏడాదే తీర్పు చెప్పేసింది. ఏడాదిన్నర క్రితం ఒకరోజు మనవాడు ఎవరికీ చెప్పకుండా ఇదే ల్యాబ్‌కొచ్చి పరీక్ష చేయించుకున్నాడు. సాయంత్రానికి ఫోన్‌కి రిపోర్టొచ్చింది. లోపం అతనిదే. అనుమానానికి చోటు లేకుండా, అంకెతో సహా ఉంది. ఒకసారి చదివి చెరిపేశాడు. ల్యాబ్‌లో అచ్చువేసి ఉంచిన కాగితం తీసుకోవడానికి రానేలేదు.

ఆ తర్వాత కూడా తల్లి నెలనెలా రాహేలుని గురజాల అవతల పల్లెకి తీసుకెళ్లి పసరు మందు పోయిస్తూనే ఉంది. ఆకుపచ్చటి సీసాతో ఇంటికి తెచ్చి వారం రోజులు తాగించేది. రాహేలు ముక్కు మూసుకుని తాగడం, తాగాక పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకోవడం చూస్తూ మనవాడు ఫోన్‌లో ఏదో నొక్కుకుంటూ కూర్చునేవాడు. పాలు తాగే పిల్లి కళ్లు మూసుకుని తననెవరూ చూడటంలేదనుకుంటుందట. పిల్లికైనా ఆకలి అనే సాకుంది.

చూసిన మనిషి ఒకరున్నారు. ల్యాబ్ టెక్నీషియన్ ఫిలోమినా. యాభై దాటిన మనిషి, ఇరవై ఆరేళ్లుగా అదే పని. అతని పరీక్ష చేసింది ఆమే. రాహేలుకి చేసిన పరీక్షలన్నీ చేసిందీ ఆమే. ఆమె ఎక్కడ నోరు జారుతుందోనని ప్రభాకరరావుకి లోలోపల దడ. దడ పుట్టించిన మనిషిని చులకన చేస్తే దడ తగ్గుతుందని అతని లెక్క. అందుకని రౌటర్ బిగించిన ఆ నాలుగు రోజులూ ఆమెని పురుగులా చూశాడు.

ఆఖరిరోజు ఫిలోమినా చేతిలో స్టిక్కర్ల చుట్ట పట్టుకుని వచ్చింది. రక్తం ట్యూబులకి అంటించే తెల్ల స్టిక్కర్లు. అప్పటికే మూడు తీగల చివర్లకీ మూడు అంటించింది. "రిపోర్టులు", "బిల్లులు", "కెమెరా" అని గుండ్రటి చేతిరాత.

"ఆ రంధ్రాలకి కూడా పేర్లు రాద్దాం సార్. మూడు తీగలూ ఒకటే నీలం రంగున్నయ్. రేపు ఎవరైనా పీకి మార్చి పెడితే?"

"ఎవడు పీకుతాడమ్మా? ఇదేమన్నా నీ సూది మందా?"

"మా దగ్గర పేరు రాయని ట్యూబు ముట్టుకోం సార్. ఎంత మంచి రక్తమైనా పారబోస్తాం."

ప్రభాకరరావు ఆ మూడు స్టిక్కర్లనీ గోటితో గీకి పీకేసి, ఉండచుట్టి ఆమె చేతిలోనే పెట్టాడు. "ఇయ్యి తీసకపోయి పచ్చడి జాడీలకి అంటించుకో. ఏది యాడుందో మొత్తం నా తలకాయలో ఉంది."

ఫిలోమినా ఆ ఉండని చెత్తబుట్టలో వేసి తన గదిలోకి వెళ్లిపోయింది. పక్కనే ఉన్న అటెండరు జాన్ సాహెబ్ తల వంచుకుని గుడ్డతో బల్ల తుడిచాడు. అతను ఎరువుల కొట్టు నాటినుంచి బ్రహ్మయ్య దగ్గరున్న మనిషి, ఎవరిమధ్యా తలదూర్చడు.

మనవాడు తన తెలివికి మురిసిపోతూ ఇంకో రెండు పనులు చేశాడు. ఏ రంధ్రంలో ఏ సర్వరు తీగ గుచ్చితే ఆ సర్వరుకి ఆ రంధ్రం అడ్రసు దానంతటదే వచ్చేలా పెట్టాడు. రేపు సర్వరు మార్చినా తను మళ్లీ రానక్కర్లేదని. రెండోది, ల్యాబ్‌వాళ్లు లోపల చూసుకునే రిపోర్టుల జాబితాకి పాస్‌వర్డ్ పెట్టలేదు. కోట గోడ కట్టాక గదిగదికీ తాళమెందుకు అన్నాడు. ఏం కట్టినా ద్వారం దగ్గర నిలబడేది మనిషేనన్న సంగతి అంత తెలివైన తలకాయకి తట్టలేదు.

దసరా వచ్చింది. మహర్నవమి నాడు బ్రహ్మయ్య ఇంట్లోవీ ల్యాబ్‌లోవీ పనిముట్లన్నిటికీ పూజ చేయిస్తాడు. ఎరువుల కొట్టు రోజుల్లో కాటాకీ, తోపుడు బండికీ చేసేవాడు. ఇప్పుడు రక్తం తిప్పే మిషన్లకి, ఫ్రిజ్‌కి, ప్రింటర్‌కి. ఆ పని ప్రతి ఏడాదీ జాన్ సాహెబ్ చేతిమీదే జరుగుతుంది. బొట్లు అంత వరసగా పెట్టే చెయ్యి బ్రహ్మయ్య బంధువుల్లోనే లేదు.

పొద్దున్నే జాన్ సాహెబ్ గోడమీది పెట్టె తెరిచాడు. దుమ్ముతో పూజేంటని తీగలన్నీ పీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టాడు. రౌటర్ నుదుటన గంధం పూసి, రంధ్రం రంధ్రానికీ పైన కుంకుమ బొట్టు పెట్టాడు. బొట్ల కింద అంకెలు మునిగిపోయాయి. బంతిపూల దండ వేశాడు. బ్రహ్మయ్య హారతిచ్చి, గుమ్మడికాయ కొట్టి, ట్రాక్టరు పూజ ఉందని నకరికల్లు వెళ్లిపోయాడు. జాన్ సాహెబ్ మూడు నీలం తీగల్నీ చిక్కులేకుండా విప్పి, అందంగా ఏది ఎక్కడ సరిపోతే అక్కడ గుచ్చాడు. పచ్చదీపాలు మూడూ టకటకా వెలిగాయి. అతను దండం పెట్టుకుని పెట్టె మూశాడు.

పదకొండు గంటలకి ప్రభాకరరావు కారంపూడిలో ఒక పత్తి వ్యాపారి ఆఫీసులో, ఆ వ్యాపారి అజ్ఞానాన్ని దులిపేస్తున్నాడు. ఫోన్ మోగింది. బ్రహ్మయ్య.

"ఏందయ్యా ప్రభాకరా, చేలోనుంచి కెమెరా నొక్కితే కెమెరా రావట్లా. ఏందో పేర్లొస్తన్నయ్."

"ఏం పేర్లు?"

"ఇంగ్లీషులో, వరసన. పేరు పక్కన తేదీ, దాని పక్కన టెస్టు పేరు. ఇదుగో, మా ఊరి సర్పంచి కోడలి పేరుంది. నొక్కితే తెరుచుకునేట్టుందే. నొక్కమంటావా?"

ప్రభాకరరావుకి అర్థమైంది. రిపోర్టుల తీగ కెమెరాల రంధ్రంలో ఉంది. బార్లా తెరిచిన తలుపు అది. పాస్‌వర్డ్ లేని జాబితా. బ్రహ్మయ్యే కాదు, ఆ అడ్రసు తట్టిన ఎవడైనా చదువుకోవచ్చు.

"నొక్కబాకండి! దేన్నీ నొక్కబాకండి!"

"సరే, అరవబాక. ఊరికే కిందికి జరుపుతన్నా. చానామంది ఉన్నారయ్యా, మన ఊళ్లో రోగం లేనోడే లేడు. ఓ అయిపోయింది, పి మొదలైంది..."

ప్రభాకరరావు ఫోన్ కట్ చేసి ఫిలోమినాకి చేశాడు. బయటినుంచి ఎవడూ వేలు పెట్టకూడదని రౌటర్‌కి దూరపు దారి మూసేసిన మొనగాడు తనే. ఇప్పుడు తన వేలు కూడా పోదు.

"ఫిలోమినా! పెట్టె తెరువు! మూడో రంధ్రంలోది పీకెయ్!"

"అంకెలు కనబడట్లా సార్. అన్నిటిమీదా కుంకం ఉంది."

"ఎడమ పక్కనించి మూడోది! కాదు, మొదటిది వేరే దానికి... నాలుగోది! అబ్బ, నీకేం తెలుసుద్ది! ఆ నీలం తీగ!"

"మూడూ నీలమే సార్."

పత్తి వ్యాపారి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అంతవరకు తనని వెధవని చేసిన మనిషి చెమటలు కారుస్తూ గది మధ్యలో గిరగిరా తిరుగుతుంటే అతనికి ఎంత హాయిగా ఉందో చెప్పనక్కర్లేదు.

"మీరు కేకలెయ్యటం ఆపి, అసలు ఏ సర్వరు విడిపోవాలో చెప్పండి," అంది ఫిలోమినా.

"రిపోర్టులది!"

అటునుంచి నాలుగడుగుల చప్పుడు వినబడింది. తర్వాత చిన్నగా టిక్కుమంది.

"లాగేశా సార్. రౌటర్ దగ్గరెందుకు, రిపోర్టుల సర్వరు వెనకాలే రెండు తీగలున్నయ్. ఒకటి మా ల్యాబ్‌లోకి పోద్ది. రెండోది చేత్తో పట్టుకుని చూస్తే గోడెక్కింది. దాన్ని లాగా."

తీగకి రెండు చివర్లుంటాయన్న సంగతి ప్రభాకరరావుకి ఆ నిమిషం వరకు గుర్తురాలేదు.

బండి మీద నరసరావుపేట వస్తున్నంతసేపూ అతని కళ్లముందు ఒకటే బొమ్మ. బ్రహ్మయ్య బొటనవేలు, దానికింద తన పేరు. యూరియా బస్తాలు లెక్కపెట్టిన వేలు. ఆ వేలు నొక్కిందో లేదో తెలియక మనవాడు దారిలో రెండుసార్లు బండి ఆపి నీళ్లు తాగాడు. మూడోసారి ఆపేసరికి బ్రహ్మయ్యే ఫోన్ చేశాడు.

"ప్రభాకరా, ఆ లిస్టులో నీ పేరు కూడా ఉందయ్యా. నొక్కలేదులే. మనోడిది మనం చూడకూడదు గదా. నాదీ మా ఇంటిదానిదీ మటుకు చూసుకున్నా, షుగరు తగ్గలా. పనికాగానే కెమెరా పెట్టిచ్చిపో."

వీధి పేరు కూడా కొనాలా అని అడిగిన మనిషి అతను. ప్రభాకరరావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కృతజ్ఞత కలగాల్సిన చోట అతనికి ముందు ఒళ్లు మండింది. అలాంటి మనిషి దయమీద బతకాల్సొచ్చిందే అని.

ల్యాబ్‌లో జాన్ సాహెబ్ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు, ముఖం పాలిపోయి. "తప్పయిపోయింది బాబూ. శుభ్రంగా ఉంటదని పీకా."

తిట్టడానికి నోరు తెరిచిన ప్రభాకరరావుకి వెనకాల ఫిలోమినా కనబడింది. ఆమె చేతిలో స్టిక్కర్ల చుట్ట ఉంది. అతను నోరు మూసుకుని ఆ చుట్ట తీసుకున్నాడు.

కుంకుమ తుడిచి, తీగల్ని ఎక్కడివక్కడ గుచ్చి, రంధ్రాలకీ తీగలకీ రెండు చివర్లా పేర్లు రాసి అంటించాడు. జాబితాకి పాస్‌వర్డ్ పెట్టాడు. గంటన్నర పట్టింది. అతని చేతిరాత చూసి ఫిలోమినా 'బిల్లులు' అన్న స్టిక్కరు పీకేసి మళ్లీ తనే రాసింది.

"ఎన్ని తెరిచారు? ఎవరెవరివి?" అని మెల్లగా అడిగాడు, ఎవరేం తెరిచారో సర్వరులో చూసుకునే వీలు తన చేతిలోనే ఉన్నా కళ్లతో చూడటానికి ధైర్యం చాలక. ఫిలోమినా అప్పటికే చూసిపెట్టుకుంది.

"రెండు. రెండూ ఒక ఇంటోళ్లవే. మీది కాదు. మీరడిగేది అదేగా."

ఫిలోమినా బీరువా తెరిచి, అడుగునుంచి ఒక కవరు తీసి బల్లమీద పెట్టింది. కవరు అంచులు పసుపుబారాయి. పైన స్టిక్కరు మీద అతని పేరు, తేదీ గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి.

"ఏడాదిన్నరనించీ ఇక్కడే ఉంది. సంతకం పెట్టి తీసుకెళ్లండి."

"అక్కర్లేదు. చించెయ్."

"చించకూడదు. నీ గుట్టు కాపాడింది ఆ రౌటర్ అనుకుంటన్నావా ప్రభాకర్? రాహేలు మొన్నాదివారం చర్చి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుంది. అక్కా, నా రిపోర్టులన్నీ బాగున్నయ్యంటివిగదా, మరి ఈ పసరు ఇంకెన్నాళ్లు తాగాలంది. నాకు తెలిసి కూడా తెలవనట్టు నిలబడ్డా. నా ఉద్యోగమట్టాంటిది, చెప్పకూడదు. నీకేమొచ్చింది? నీ నోటికెవరు స్టిక్కరేశారు?"

ఇరవై ఆరేళ్లలో ఫిలోమినా ల్యాబ్‌కొచ్చిన ఎవరినీ నువ్వు అనలేదు. ఆ రోజు అంది. అతన్ని చూసిన చూపు కూడా, పేరు రాయని ట్యూబుని సింకులో పారబోసే ముందు చూసే చూపే. ప్రభాకరరావు సంతకం పెట్టాడు.

ఇంటికి వెళ్లేసరికి తల్లి మంచం మీద కూర్చుని ఉంది. బడికి సెలవులు కాబట్టి పొద్దున్నే కోడల్ని గురజాల తీసుకెళ్లి వచ్చింది. బల్లమీద ఆకుపచ్చ సీసా, పక్కన స్టీలు గ్లాసు. రాహేలు గ్లాసులోకి పసరు వంచుకుంటోంది.

"ఏమే, ముక్కు మూసుకోకుండా తాగు. అట్టా అసయ్యించుకుంటే మందు పనిచేయదంట," అంటోంది తల్లి.

ప్రభాకరరావు చొక్కాలోంచి కవరు తీశాడు. ఒక మాట చెప్పి ఇవ్వాలని దారి పొడుగునా అనుకున్నాడు. నలభై ఆఫీసుల్లో ఎదుటివాడి తప్పుని ఎన్ని మాటల్లో చెప్పగలడో, తన తప్పు చెప్పడానికి ఒక్కటీ రాలేదు. కవరుని గ్లాసు పక్కన పెట్టి నిలబడ్డాడు.

రాహేలు తెరిచి చదివింది. పిల్లల పరీక్ష కాగితం దిద్దినట్టు పై గీతనుంచి కింది గీత దాకా వేలు పెట్టి చదివింది. అంకె దగ్గర ఆగింది. మళ్లీ పైకెళ్లి తేదీ దగ్గర ఆగింది. ఆ తేదీ దగ్గరే చాలాసేపు ఉండిపోయింది. పెదవులు కదులుతున్నాయి, నెలలు లెక్కపెడుతోంది.

"ఏందది?" అంది తల్లి.

"మీ అబ్బాయిని చదివి చెప్పమనండి అత్తయ్యా. తెలుగులో."

"ఒరేయ్, ఏందిరా?"

రాహేలు గ్లాసు అంచు దాకా నింపింది. పొంగి బల్లమీద ఒలికేంత నింపి, దాన్ని అతని ముందుకి జరిపింది.

"పద్దెనిమిది నెలలు తాగా," అంది. "తాగండి. ముక్కు మూసుకోకుండా."

తల్లి ఏదో అనబోయి, కొడుకు ముఖం చూసి ఆగిపోయింది. ప్రభాకరరావు గ్లాసెత్తాడు. మొదటి గుక్కకే కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలిక మొద్దుబారి, కడుపు తిప్పి, పెరటి గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు. రాహేలు ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"ఇంకా సగముంది," అంది.